హారీ నైక్విస్ట్ - శబ్దానికి లెక్క చెప్పిన రైతుబిడ్డ

సెల్‌ఫోన్‌లో పాట వింటాం గానీ, గొంతు అంకెలుగా ఎట్లా మారిందని ఎప్పుడన్నా అడిగామా? ఆ లెక్కకు పునాది వేసిన వారిలో ఒకరు హారీ నైక్విస్ట్.

ఆయన 1889 ఫిబ్రవరి 7న స్వీడన్ దేశంలోని నిల్స్‌బీ అనే పల్లెలో రైతు ఇంట పుట్టారు. పైచదువుకు డబ్బు లేదు. కూలిపని చేసి ఓడ ఛార్జీలు కూడబెట్టుకుని 1907లో అమెరికా వెళ్ళారు. 1917లో యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీలో చేరారు. తర్వాత బెల్ ల్యాబ్స్‌లో 1954 దాకా పనిచేశారు.

ఒక టెలిగ్రాఫ్ తీగ మీద సెకనుకు ఎన్ని సంకేతాలు పంపవచ్చు? తీగ మోయగలిగే పౌనఃపున్యాల వెడల్పుకు రెట్టింపు, అంతకు మించి కుదరదని 1928లో ఆయన చూపించారు. 1949లో క్లాడ్ షానన్ ఈ దారిలోనే ఇంకో సంగతి నిరూపించారు. శబ్దంలోని అతి ఎక్కువ పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు సెకనుకు కొలిస్తే, ఆ శబ్దాన్ని తిరిగి ఉన్నదున్నట్టు తయారు చేయవచ్చు.

మన చెవికి సుమారు 20,000 కంపనాల దాకా వినపడతాయి. అందుకే సీడీలో సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఎంపీ3 అయితే 32,000, 44,100, 48,000, ఇంకా కొన్ని చిన్న కొలతలనే ఒప్పుకుంటుంది. మరి 37,800తో రికార్డు చేసిన పాట వస్తే? ఊరికే 44,100 అని పేరు మార్చి రాస్తే 7 నిమిషాల పాట 6 నిమిషాల్లో అయిపోతుంది, గొంతు కీచుగా మారిపోతుంది. కాబట్టి మధ్య విలువలు లెక్కకట్టి 44,100కి మార్చాలి. 32,000కి దించాలంటే ముందు 16,000కి పైనున్న కంపనాలను వడగట్టాలి. లేకుంటే అవి పాటలో లేని దొంగ శబ్దాలై చేరతాయి. చేరాక వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు.

నైక్విస్ట్‌కు 138 పేటెంట్లు వచ్చాయి. తోటివారిని మంచి ప్రశ్నలు అడిగి ఆలోచింపజేసేవారని పేరు. 1976 ఏప్రిల్ 4న టెక్సాస్‌లో కన్నుమూశారు.

మిత్రులారా! రేపు మన అవ్వ పాడే పాటను రికార్డు చేస్తే, కొలత చూసుకుని చేద్దాం. వినేవాళ్ళకు అది అవ్వ గొంతులాగే వినపడాలి కదా!