కొంగల్ని చూసి ఎగిరిన ఇంజనీరు



ఈ ఆదివారం ఎండ కాస్త ముదిరాక, పదకొండు గంటల వేళ పిల్లలతో డాబా ఎక్కండి. కొబ్బరితోటల పైన గద్దలు రెక్క ఆడించకుండానే గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతుంటాయి. ఎండకు తారు రోడ్డు, కోత కోసిన చేను త్వరగా వేడెక్కుతాయి. కాలువ నీళ్లు అంత త్వరగా వేడెక్కవు. వేడి నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది. గద్ద ఆ గాలిలోనే చుట్లు తిరుగుతూ ఎత్తుకు చేరి, అక్కడి నుంచి జారుతూ మరో చోటికి వెళ్తుంది. మీ పిల్లలు సైన్సులో చదివే ఉష్ణ సంవహనం ఇదే.

యూరప్‌లో పెద్ద కొంగలు ఇలాగే ఎగురుతాయి. వాటిని చూస్తూ పెరిగినవాడు ఓటో లిలియంతాల్. 1848లో జర్మనీలోని ఆంక్లాం అనే ఊళ్లో పుట్టాడు. పదమూడేళ్లకే తండ్రి పోతే తల్లే పెంచింది. ఓటో, తమ్ముడు గుస్తావ్ రెక్కలు తయారుచేసి కట్టుకుని ఎగరబోయేవారు. తోటి పిల్లలు ఎగతాళి చేస్తారని రాత్రిపూట ఆ పని చేసేవారు!

పెద్దయ్యాక ఇంజనీరై బెర్లిన్‌లో ఫ్యాక్టరీ పెట్టినా ఆ ధ్యాస వదల్లేదు. రెక్కకు ఎంత వంపు ఉంటే గాలి ఎంత బరువు మోస్తుందో కొలిచి, 1889లో పుస్తకం రాశాడు. 1891లో, 43 ఏళ్ల వయసులో, తను చేసిన గ్లైడర్‌తో సుమారు 25 మీటర్లు ఎగిరాడు. తర్వాతి ఐదేళ్లలో దాదాపు 2000 సార్లు ఎగిరి, 250 మీటర్ల దాకా వెళ్లాడు.

1896 ఆగస్టు 9న కొండ మీంచి ఎగిరినప్పుడు గాలి తోపుకి గ్లైడర్ గాల్లోనే ఆగి, సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి కూలింది. మరునాడు ఆయన చనిపోయాడు. ఎండకు లేచిన వేడిగాలే అందుకు కారణమని భావిస్తారు. కొంగను మోసే గాలే ఆయన్ని పడేసింది. కొంగ రెక్కల్ని, తోకని క్షణంలో సర్దుకుంటుంది. ఆయనకు ఒంటిని అటూ ఇటూ ఊపడం తప్ప వేరే దారి లేదు. ఆ లోటు గమనించిన రైట్ సోదరులు రెక్కల్నే మెలితిప్పి అదుపు చేసే పద్ధతి కనిపెట్టి, 1903లో ఇంజనుతో ఎగిరారు.

పాఠం మధ్యలో కిటికీలోంచి ఆకాశం చూసే పిల్లల్ని నేనూ కసిరాను. ఇప్పుడు ముందు ఏం చూస్తున్నావని అడుగుతున్నాను. మీ పిల్లలు వింత ప్రశ్న వేస్తే, జవాబు తెలియకపోయినా ఫరవాలేదు. నవ్వకండి. వాళ్లు రాత్రిదాకా దాచుకోవాల్సిన అవసరం రానివ్వకండి.