చెవే చూపైన వేళ

మీ పిల్లవాడు పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదువుతుంటే మందలిస్తున్నారా? ముందు కంటి డాక్టరుకు చూపించండి. ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారి సంగతి చెప్పండి.

1893లో బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారాయన. చిన్ననాటి నుంచీ చూపు బాగా తక్కువ. బడి చదువు సాగలేదు. అన్న వెంకటకృష్ణయ్యగారే వయొలిన్ నేర్పారు. గమనించారా, వీణకున్నట్టు వయొలిన్‌కు మెట్లుండవు. వేలు ఎక్కడ ఆనాలో కన్ను చెప్పలేదు, చెవే చెప్పాలి.

1919లో విజయనగరం సంగీత కళాశాలలో అధ్యాపకులయ్యారు. విద్యార్థిగా చేరదామని వెళితే ఏకంగా ఉద్యోగమే ఇచ్చారంటారు! 1936లో ఆదిభట్ల నారాయణదాసుగారి తర్వాత ప్రిన్సిపాల్. గాయకుల పక్కన కూర్చునే వయొలిన్‌తో ఒక్కరే కచేరీ చేసి మెప్పించారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. 1964లో కన్నుమూశారు.

నాకు స్వరజ్ఞానం లేదు, వినడమే తెలుసు. ఏ.ఎస్. రావు నగర్‌లో బళ్ల మోత తగ్గాక, ఆయన వాయించిన త్యాగరాజ కృతి ఒకటి పెట్టుకుంటాను. కమానుకు తొందరుండదు. మాట లేకున్నా పాట వినిపిస్తుంది. మీరూ ఓ రాత్రి ఫోను పక్కన పెట్టి, లైటార్పి వినండి. పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకోండి.