రాజాజీ

చక్రవర్తి రాజగోపాలాచారి 1878 డిసెంబరు 10న నాటి సేలం జిల్లాలో, హోసూరు సమీపంలోని తొరపల్లి గ్రామంలో జన్మించారు. తండ్రి గ్రామ మునసబు. బెంగళూరు, మద్రాసు నగరాలలో విద్య ముగించి, 1900లో సేలంలో న్యాయవాద వృత్తిని చేపట్టారు. 1917లో ఆ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆచారపరాయణమైన వైష్ణవ కుటుంబంలో పుట్టినప్పటికీ, ఆ సంఘానికి తొలి దళిత సభ్యుడు ఎన్నిక కావడానికి ఆయనే కారకులు. సంప్రదాయాన్ని గౌరవించారే గాని అంటరానితనాన్ని సహించలేదు.

గాంధీజీ పిలుపునందుకొని వృత్తిని త్యజించి, పలుమార్లు కారాగారవాసం అనుభవించారు. 1930లో వేదారణ్యానికి ఉప్పు సత్యాగ్రహ యాత్ర నడిపారు.

1937లో మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రిని ఆ రోజులలో అలాగే వ్యవహరించేవారు. మద్యనిషేధాన్ని మొట్టమొదట తాను బాగా ఎరిగిన సేలం జిల్లాలోనే అమలుపరచారు. కల్లు, సారాయిల ఆదాయం పోతే ఖజానాకు లోటు తప్పదు. దానిని పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను విధించారు. మధుర మీనాక్షి ఆలయంలో దళితుల ప్రవేశం జరిగినది ఆ సంవత్సరమే. అందుకు తోడ్పడినవారికి ఆయన ప్రభుత్వం చట్టరక్షణ కల్పించింది. అయితే పాఠశాలలలో హిందీని నిర్బంధం చేసి, ఎదిరించినవారిని చెరసాలలకు పంపడం ఆయన కీర్తికి మచ్చ తెచ్చింది.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంతో ఏకీభవించక ఒంటరిగా నిలిచారు. అయినను స్వాతంత్ర్యానంతరం దేశం ఆయనను విస్మరించలేదు. 1948 జూన్ నుండి 1950 జనవరి 26 వరకు గవర్నర్ జనరల్ పదవిని అలంకరించారు. ఆ పీఠమెక్కిన భారతీయుడు ఆయన ఒక్కరే. పటేల్ మరణానంతరం కొంతకాలం కేంద్ర హోంమంత్రిగా పనిచేశారు.

అంతటి పదవులు నిర్వహించినవారు 1952లో తిరిగి మద్రాసు ముఖ్యమంత్రి కావడం విశేషమే. తెలుగువారికి ఆయనతో పేచీ వచ్చినది ఈ దశలోనే. భాషాప్రయుక్త రాష్ట్రాలు దేశ సమైక్యతకు చేటని రాజాజీ దృఢవిశ్వాసం. మద్రాసు నగరాన్ని వదలుకోవడం ఆయనకు బొత్తిగా సమ్మతం కాదు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో ఆమరణ నిరాహారదీక్ష పూనారు. దినాలు గడిచాయి. ప్రభుత్వం చలించలేదు. డిసెంబరు 15న శ్రీరాములు అమరులయ్యారు. నిర్ణయాధికారం ఢిల్లీదే అయినా, చెంతనే ఉన్న ముఖ్యమంత్రి పట్టుదల ఆంధ్రుల మనస్సులను గాయపరచింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది; మద్రాసు నగరం మాత్రం దక్కలేదు.

ఆ ఏడే ఆయన తెచ్చిన ప్రాథమిక విద్యాపథకం బాలురను కులవృత్తులకు కట్టివేస్తుందన్న నిరసన చెలరేగగా, 1954లో పదవి నుండి వైదొలగారు.

ఎనభై యేళ్ళు దాటిన వయస్సులో, 1959లో, స్వతంత్ర పార్టీని నెలకొల్పారు. సహకార వ్యవసాయాన్ని, పరిశ్రమలపై లైసెన్సుల పెత్తనాన్ని ఎదిరించిన ఆ పార్టీకి తొలి అధ్యక్షులు గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతునాయకులు ఆచార్య ఎన్.జి. రంగా. ఏడేళ్ళ క్రితం రాజాజీ పేరు వింటేనే మండిపడిన గడ్డ అది! 1967 ఎన్నికలలో 44 స్థానాలు గెలిచి స్వతంత్ర పార్టీ లోక్‌సభలో ప్రతిపక్షాలన్నింటిలో పెద్దదయింది. 1971లో ఆ బలం క్షీణించింది. 1972 డిసెంబరు 25న రాజాజీ మద్రాసులో పరమపదించారు.