గండికోటను గెలిచినవాడు

గండికోటకు వెళ్లినప్పుడు మనం పెన్నా లోయను, పెమ్మసాని నాయకుల కోటను చూసి వస్తాం. వారి ఏలుబడిని ముగించిన మీర్ జుమ్లాను మాత్రం అంతగా తలచుకోం.

అతని అసలు పేరు మహమ్మద్ సయీద్. పర్షియాలో పేద ఇంట పుట్టి, బతుకుతెరువు వెతుక్కుంటూ గోల్కొండ చేరాడు. వజ్రాల వ్యాపారంలో ధనికుడై, కుతుబ్ షాహీ కొలువులో మీర్ జుమ్లా పదవి అందుకున్నాడు. ఆ పదవి పేరే అతని పేరుగా నిలిచింది. 1650లో గండికోట అతని వశమైంది. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అతన్ని డేరాలో చూశాడు. చేతివేళ్ల మధ్య, కాలివేళ్ల మధ్య ఉత్తరాలు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి జవాబులు రాయిస్తున్నాడట.

అంతటి పనిమంతుడు కూడా ఇక్కడ నిలవలేదు. సుల్తానుతో చెడింది, కొడుకు చెరలో పడ్డాడు. దాంతో మొగలుల పక్షం చేరి, 1660లో బెంగాల్ సుబేదారయ్యాడు. 1662లో అస్సాం వెళ్లి అహోం రాజధాని గఢ్‌గావ్‌ను పట్టుకున్నాడు. వానలకు దారులు మూసుకుపోయాయి. జ్వరాలతో, ఆకలితో సైన్యం నశించింది. 1663లో తిరుగుదారిలోనే అతడు కన్నుమూశాడు. గండికోట గెలిచి అప్పటికి 13 ఏళ్లే.

పెమ్మసాని వారి స్థానంలో అతని వంశం ఇక్కడ వేరూనలేదు. కోటలోని ధాన్యాగారం మాత్రం నేటికీ ఉంది. అధికారం చేతికొస్తే అది ఎన్నాళ్లుంటుందా అని లెక్కలు వేస్తాం. ఉన్నన్నాళ్లు దానితో ఎవరి ఆకలి తీర్చామో కూడా మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.