మాస్కో కాదంది... అమ్మ ఆగలేదు: మెండలీఫ్ కథ



ఎంట్రన్స్, ర్యాంకు, కౌన్సెలింగ్... పెద్ద తరగతుల పిల్లలున్న ఇళ్లలో రోజూ వినిపించే మాటలివి. మన కెమిస్ట్రీ ల్యాబ్ గోడ మీద ఉండే ఆవర్తన పట్టికను మీరు చూసే ఉంటారు. దాన్ని రూపొందించిన ద్మిత్రీ మెండలీఫ్‌కు కూడా ఒకప్పుడు సీటు దొరకలేదని మీకు తెలుసా?

ఆయన 1834లో సైబీరియాలోని తొబోల్స్క్ పట్టణంలో పుట్టారు. పెద్ద కుటుంబంలో ఆఖరి బిడ్డ. స్కూలు నడిపే తండ్రి ఇవాన్‌కు ఆ ఏడాదే చూపు పోయింది, ఉద్యోగమూ పోయింది. తల్లి మరియా తన పుట్టింటివారి గాజు ఫ్యాక్టరీ బాధ్యత తీసుకుని ఇల్లు నడిపారు. 1847లో భర్త చనిపోయారు. 1848లో ఫ్యాక్టరీ కాలి బూడిదైంది.

మీరైతే ఏం చేసేవారు? ఆమె మాత్రం ఆఖరి కొడుకు చదువు ఆగకూడదనుకున్నారు. అతనేమీ క్లాస్ టాపర్ కాదు. లెక్కలు, ఫిజిక్స్ ఇష్టం, లాటిన్ అంటే భయం. 1849లో స్కూలు చదువు పూర్తవగానే కొడుకునీ, ఒక కూతురినీ వెంటబెట్టుకుని గుర్రపు బండిలో మాస్కో బయల్దేరారు. రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరం.

మాస్కో విశ్వవిద్యాలయం అతన్ని చేర్చుకోలేదు. కారణం మార్కులు కాదు. సైబీరియా విద్యార్థులు కజాన్ విశ్వవిద్యాలయంలో చేరాలన్నది అప్పటి నిబంధన. మన భాషలో చెప్పాలంటే, అక్కడ అతను నాన్ లోకల్.

ఆమె వెనక్కి తిరగలేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లారు. భర్త చదివిన ప్రధాన బోధనా సంస్థ అక్కడే ఉంది. ఆయన పాత స్నేహితుడొకరు అందులో ప్రొఫెసర్. ఆయన సాయం కూడా తోడై, 1850లో ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో సీటు వచ్చింది. చదువయ్యాక టీచరుగా పనిచేయాలన్నది షరతు. కొడుకు చేరిన కొద్ది వారాలకే ఆ తల్లి కన్నుమూశారు. అతనికి అప్పుడు 16 ఏళ్లు.

తర్వాతి దారీ సాఫీగా లేదు. అనారోగ్యం వెంటాడింది. మంచం మీద ఉండీ చదువుకున్నారు. 1855లో బంగారు పతకంతో బయటికొచ్చి, షరతు ప్రకారం దక్షిణాదిన సింఫెరోపోల్, ఒడెస్సా స్కూళ్లలో పాఠాలు చెప్పారు. 1867లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయ్యారు.

ఇక్కడొక విషయం గమనించండి. ఆవర్తన పట్టిక పుట్టింది ఒక పాఠ్యపుస్తకం రాస్తుండగా. విద్యార్థులకు మూలకాలను ఏ వరుసలో చెప్పాలన్న ప్రశ్నే 1869లో ఆ పట్టికకు దారి తీసింది. అప్పటికి తెలిసినవి 63 మూలకాలే. వరుస కుదరని చోట ఆయన ఖాళీలు వదిలి, అక్కడ రాబోయే మూలకాల లక్షణాలు ముందే చెప్పారు. 1875లో గాలియం, 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం దొరికాయి. ఆయన అంచనాలు చాలావరకు సరిపోయాయి.

తిరస్కారాలు అప్పుడూ ఆగలేదు. 1880లో రష్యా సైన్స్ అకాడమీ సభ్యత్వానికి ఆయన ఎన్నిక కాలేదు. 1887లో ద్రావణాల మీద వెలువరించిన గ్రంథాన్ని ఆయన అంకితమిచ్చింది తన తల్లికి. 1907లో కన్నుమూశారు. 1955లో కనుగొన్న 101వ మూలకానికి ఆయన పేరు మీద మెండలీవియం అని పేరు పెట్టారు.

మీ పిల్లలకు కెమిస్ట్రీ ఇష్టమైతే, మరియా చేసిన పని మీరూ చేయొచ్చు: ఒక్క తలుపు దగ్గరే నిలబడిపోకండి. తిరుపతిలోని ఐసర్‌తో సహా అన్ని ఐసర్‌లకూ ఐఏటీ అనే వేరే పరీక్ష ఉంది. భువనేశ్వర్‌లోని నైసర్‌కు నెస్ట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాతి కోర్సులకు సీయూఈటీ ఉంది. తెలంగాణలో బీఎస్సీ సీట్లు దోస్త్ ద్వారా భర్తీ అవుతాయి. అర్హత, లోకల్ నిబంధనలు, ఆఖరి తేదీలు ఏటా మారవచ్చు కాబట్టి వాటిని అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

ఈ ఆదివారం మీ అమ్మాయినో అబ్బాయినో పిలిచి, ఆవర్తన పట్టికలో 101వ గడి చూపించమనండి. ఆ పేరు వెనకున్న అమ్మ కథ ఈసారి మీరు చెప్పండి.