పెయ్యినే డోలు జేసుకున్నోళ్ల సింఫనీ

సింఫనీ అంటె కోట్లు బూట్లేసుకున్నోళ్లు కూసోని ఇనేది, మన అసుంటోళ్లకు ఎక్కదనుకునేటోన్ని. ఫ్లోరెన్స్ ప్రైస్ మొదటి సింఫనీల మూడో భాగం చెవుల వడ్డంక ఆ మాట వాపస్ తీసుకున్న.

ఈమె 1887ల అమెరికాల, ఆర్కన్సా రాష్ట్రంల లిటిల్ రాక్ పట్నంల పుట్టింది. నల్లజాతి బిడ్డ. నాయిన పండ్ల డాక్టరు. బోస్టన్‌ల పెద్ద సంగీత కాలేజీల చేరితె, నల్లామె అని తెలిస్తె సతాయిస్తరని సొంతూరు మెక్సికోల ఉన్నదని రాయించిండ్రట. 1906ల చదువు అయిపోయింది. ఊరికి మళ్లొచ్చి సంగీతం నేర్పింది, లాయర్‌ను పెండ్లి చేసుకున్నది. 1927ల లిటిల్ రాక్‌ల ఒక నల్లాయనను గుంపువడి సంపిండ్రు. ఆ ఏడే కుటుంబమంత షికాగోకు తరలివోయింది.

1931ల విడాకులైనయి. ఇద్దరు బిడ్డలు. మూగ సిన్మాలకు ఆర్గాన్ వాయించింది, రేడియో ప్రకటనలకు పాటలు కట్టింది. అదే ఏడు పాదం ఇరిగి ఇంట్ల కూసున్నది. పనుల నడుమ దొరకని తీరిక గప్పుడు దొరికింది, సింఫనీ మొదలువెట్టింది! 1932ల దానికి మొదటి బహుమతి, 500 డాలర్లు వచ్చినయి. 1933 జూన్ 15 నాడు షికాగో సింఫనీ వాయించింది. నల్లజాతి ఆడామె రాసిన సింఫనీని అమెరికాల పెద్ద ఆర్కెస్ట్రా వాయించుడు అదే మొదలు.

ఇగ ఆ మూడో భాగం సంగతి. 1739ల సౌత్ కరోలినాల బానిసలు తిరుగవడ్డరు. ఎనుకంగనే దొరలు చట్టం తెచ్చి డోళ్లు బందు వెట్టిండ్రు. డోలు గుంజుకుంటె ఏంజేస్తరు? కాళ్లు నేలకు కొట్టి, ఛాతీ తొడలు చరిచి, పెయ్యినే వాయిద్యం జేసుకున్నరు బానిసలు. దాన్నే జూబా ఆట అంటరు. సింఫనీల మూడో భాగమంటె యూరపోళ్లు స్కెర్జో అని ఉరుకులాట సంగీతం వెడ్తరు. ఆ జాగల ప్రైస్ జూబాను కూసోవెట్టింది. వయొలిన్లు కిందామీద ఎగురుతుంటె ఆఫ్రికా డోళ్లు మోగుతయి, ఈల గూడ ఇనవడ్తది. రెండో భాగం దీనికి ఉల్టా. ఇత్తడి బూరలు చర్చి పాట లెక్క నెమ్మదిగ నడుస్తయి, నడుమ గంటలు మోగుతయి.

ఇంత జేసినంక దారి సాఫ్ అయితదనుకుంటం. కాలే. 1943ల బోస్టన్ సింఫనీ పెద్దాయన సెర్గీ కుసెవిట్‌స్కీకి ఉత్తరం రాసింది. ఆడదాన్ని, నల్లదాన్ని, అవి పక్కకు వెట్టి నా సంగీతం సూడుండ్రి అని దాని సారం. ఆయన వాయించలే. గీడ నాకు కడుపు మండుతది.

1953ల ఆమె పానం వోయింది. 2009ల షికాగోకు దక్షిణాన సెయింట్ ఆన్ అనే ఊర్ల ఒక పాడువడ్డ ఇల్లు బాగు చేస్తుంటె కాయితాల కట్టలు బయటవడ్డయి. ఎండకాలం ఆమె ఉన్న ఇల్లది. రెండు వయొలిన్ కచేరీలు, నాలుగో సింఫనీ అన్నీ అండ్లనే ఉన్నయి. 1945ల రాసిన ఆ నాలుగోదాన్ని మొదటిసారి వాయించింది 2018ల. అదీ ఆమె పుట్టిన ఆర్కన్సాలనే, ఫోర్ట్ స్మిత్ పట్నంల.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇనాలనుకుంటె మొదటి సింఫనీ మూడో భాగంతోని షురూ చేయుండ్రి. చిన్నదే. ఇయర్‌ఫోన్లు వెట్టుకోండ్రి, ఫోన్ స్పీకర్ల డోళ్లు సరిగ ఇనరావు.