మెతుకుసీమలో పాస్నెట్ దొర

మెదక్ పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది చర్చి, తరువాతే ఖిల్లా. కానీ ఆ చర్చిని తలపెట్టిన చార్లెస్ వాకర్ పాస్నెట్ గురించి మనలో చాలామందికి రెండు మాటలకు మించి తెలియదు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆయన గురించే రాయాలనిపించింది.

పాస్నెట్ 1870లో ఇంగ్లండ్‌లో పుట్టారు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీగా 1895లో సికింద్రాబాద్ వచ్చారు. తిరుమలగిరిలోని ఇంగ్లీషు సిపాయిలకు పాదిరిగా ఉండటం ఆయన మొదటి పని. అది సుఖమైన కొలువే. అయినా మరుసటి ఏడాదే దాన్ని వదిలి మెదక్ చేరారు. అప్పుడు ఇక్కడికి రైలు లేదు. (మన పట్టణానికి రైలు వచ్చింది 2022లో అన్న సంగతి తరువాతి బ్యాచ్‌లవారు నమ్మరేమో!) హైదరాబాద్ నుండి అరవై మైళ్లు గుర్రం మీద ఒక రోజంతా ప్రయాణం. డాక్ బంగ్లా తప్ప పక్కా ఇళ్లు దాదాపు లేని ఊరు. సుమారు రెండు వందల మంది పట్టే చిన్న ప్రార్థన మందిరం ఒకటి ఉండేది.

ఆయన ఎక్కువగా తిరిగింది మాల, మాదిగ వాడల్లో. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషుల గుడిసెల్లోకి ఒక దొర వెళ్లి కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆయన సోదరి ఎమిలీ పాస్నెట్, ఆమె స్నేహితురాలు సారా హారిస్ కూడా ఇక్కడికే వచ్చి స్త్రీల మధ్య పని చేశారు.

మిషన్ బంగ్లా రెండంతస్తులుగా లేచాక, తన ఇల్లు దేవుని ఇంటికన్నా ఎత్తుగా ఉండటం పాస్నెట్‌కు నచ్చలేదని, పెద్ద చర్చి ఆలోచన అక్కడే పుట్టిందని చెబుతారు. 1914లో పని మొదలైంది. అదే ఏడాది ప్రపంచ యుద్ధం వచ్చింది. దాని వెంట కరువు వచ్చింది. మెతుకుసీమ అని పేరున్న నేల మీద మెతుకు దొరకని రోజులు. ఊరికే గంజి పోసే బదులు చర్చి పనిలో పెట్టి కూలీగా తిండి ఇచ్చారు పాస్నెట్. ఈనాడు మనం పనికి ఆహారం అంటున్నది అదే.

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది. ఆకలితో ఉన్నవాళ్ల చేత అంత పెద్ద చర్చి కట్టించడం న్యాయమా? తిండి కోసమే మతంలో చేరారన్న మాట కూడా ఉంది. ఈ ప్రశ్నను దాటవేయడం నాకు ఇష్టం లేదు. తిండి అవసరం లేకుండా ఉంటే ఎందరు వచ్చేవారు అంటే, బహుశా తక్కువే. కానీ వెట్టిచాకిరీ మామూలైన కాలంలో, చేసిన పనికి ఫలితం చేతికి అందడమే ఆ మనుషులకు కొత్త. ఆ గౌరవం విలువ ఆకలి తెలిసినవాళ్లే చెప్పగలరు. ఆయన్ని దేవుణ్ణి చేయనక్కరలేదు, అనుమానంతోనే చూడనూ అక్కరలేదు.

ఇంజినీరుగా కట్టడం గురించి కొంచెం చెప్పకుండా ఉండలేను. నక్షా ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థది. శైలి గోథిక్. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం 175 అడుగులు. లోపల సుమారు అయిదు వేల మంది పడతారు. గుండ్రటి కమాను బరువును పక్కలకు ఎక్కువగా తోస్తుంది. మొన తేలిన కమాను అంతగా తోయదు, బరువును కిందికి దించుతుంది. అందుకే రాతి స్తంభాల మీద అంత ఎత్తు సాధ్యమైంది. నేల మీది ఆరు రంగుల పలకలు బ్రిటన్ నుండి వచ్చాయి గాని, రాయి ఇక్కడిదే, మోసిన భుజాలూ ఇక్కడివే. మన తాతముత్తాతల్లో కొందరు ఆ రాళ్లు ఎత్తినవాళ్లు.

గోపురం చార్మినార్‌ను మించిందని నిజాం కోపగించాడన్న కథ మన ఊళ్లో అందరూ చెబుతారు. కథ బాగుంటుంది. దాన్ని కథగానే ఉంచుదాం.

పదేళ్ల పని తరువాత 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. చాలామంది దీన్ని ఆంగ్లికన్ చర్చి అనుకుంటారు. కట్టింది మెథడిస్టులు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొన్ని శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అప్పుడు మెదక్ ఒక డయాసిస్ అయి, పాస్నెట్ కట్టిన చర్చి కెథడ్రల్ అయింది.

ఆయన 1950లో కన్నుమూశారు. ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన రంగు అద్దాల కిటికీలలో ఆరోహణం 1927లో, క్రీస్తు జననం 1947లో అమర్చారు. సిలువ దృశ్యం 1958లో వచ్చింది. అంటే మూడూ కలిసి ఉన్న చర్చిని కట్టించినవాడు చూడనే లేదు.

జూబిలీకి వచ్చే పాత విద్యార్థులు పిల్లల్ని తీసుకెళ్తే పొద్దు ఉండగానే వెళ్లండి. ఆ బొమ్మలు బయటి వెలుతురుతోనే కనిపిస్తాయి, పొద్దు గూకితే లోపల ఎన్ని బల్బులు వేసినా అద్దం నల్లగానే ఉంటుంది.